కాలేజీ కామెడీలో మన నవ్వు ఎక్కడ? - 'మ్యాడ్' సినిమా మీద రెండు వాదాలు

2023 అక్టోబరు 6న విడుదలైన 'మ్యాడ్' ఒక ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్ సినిమా. కథ అనడానికి పెద్దగా ఏమీ లేదు. మనోజ్, అశోక్, దామోదర్ అనే ముగ్గురు దోస్తులు, వాళ్ల చుట్టూ తిరిగే లడ్డు, క్యాంటీన్, కొట్లాటలు, ప్రేమలు, ఒక లవ్ లెటర్ పంచాయితీ. కల్యాణ్ శంకర్ దర్శకత్వంలో వచ్చిన ఈ సినిమాను యువకులు విరగబడి చూశారు. కథ లేదనీ, ద్వంద్వార్థాల మాటలు ఎక్కువనీ విసుక్కున్నవాళ్లూ ఉన్నారు. 2025 మార్చిలో వచ్చిన రెండో భాగమైతే కాలేజీ వదిలేసి లడ్డు పెళ్లికీ, గోవాకీ పోయింది.

ఈ సినిమా బాగుందా లేదా అన్నది మాకు ముఖ్యం కాదు. చూసినవాళ్లు ఎక్కడ చీలిపోయారు, ఎందుకు చీలిపోయారు అన్నదే ముఖ్యం. కామారెడ్డి జిల్లా నస్రుల్లాబాద్‌లో దళిత, బహుజన విద్యార్థులతో, కొందరు టీచర్లతో ఈ సంగతి మాట్లాడినప్పుడు చీలిక మేం ఊహించిన చోట కనపడలేదు. అగ్రకులాల పిల్లలు నవ్విండ్రు, మనోళ్లు నవ్వలేదు అన్నంత తేలికైన లెక్క కాదిది. మనోళ్లే రెండుగా చీలిపోయారు.

నస్రుల్లాబాద్ ఒకప్పుడు బీర్కూర్ మండలంలోని ఊరు. 2016లో కొత్త జిల్లాలతో పాటు మండల కేంద్రమైంది. నిజాంసాగర్ కాలువ కింద వరి పండే ప్రాంతం. ఇక్కడి పిల్లలు పై చదువులకు బాన్సువాడకో, బోధన్‌కో, నిజామాబాద్‌కో, చేతనైతే హైదరాబాద్‌కో పోతారు. సినిమా ఈ ప్రాంతాన్ని ఎరగనిదేమీ కాదు. 2017లో శేఖర్ కమ్ముల 'ఫిదా' తీసింది పక్కనే ఉన్న బాన్సువాడ నేపథ్యంలో. ఇక్కడి యాసతో హీరోయిన్ మాట్లాడడం అప్పటికి కొత్త. అంతకుముందు తెలుగు తెర మీద తెలంగాణ యాస ఎక్కువగా రౌడీకో, పనిమనిషికో, జోకర్‌కో దక్కేది. ఆ గౌరవం రావడానికి ఒక రాష్ట్ర ఉద్యమమే కావాల్సి వచ్చింది. కానీ యాస తెరకెక్కినంత సులువుగా వాడ తెరకెక్కలేదు. 'ఫిదా'లో బాన్సువాడ ఉంది, బాన్సువాడ మాలపల్లి, మాదిగవాడ లేవు.

'మ్యాడ్'ను మెచ్చినవాళ్ల వాదం ముందు వినాలి. ఎందుకంటే మన పత్రికల్లో ఈ వాదానికి చోటు తక్కువ. డిగ్రీ చదివే ఒక విద్యార్థి మాతో అన్నడు: "అన్నా, మనోడు సినిమాల ఉంటే సచ్చుడేనా? తన్నులు తినుడేనా? నవ్వుడు మనకు రాదా?" ఇది కొట్టిపారేయాల్సిన మాట కాదు. దళితుడు కేంద్రంగా ఉన్న సినిమాలంటే మనం వరసగా చెప్పేవి ఏవి? మారి సెల్వరాజ్ తమిళంలో తీసిన 'పరియేరుం పెరుమాళ్' (2018), నాగరాజ్ మంజులే మరాఠీలో తీసిన 'ఫండ్రీ' (2013), తెలుగులో కరుణకుమార్ 'పలాస 1978' (2020). అవమానం, హింస, నెత్తురు. అవి అబద్ధమని ఎవరూ అనరు. కానీ పగలంతా అదే బతుకు బతికిన పిల్లవాడు రాత్రి ఫోన్‌లో మళ్లీ అదే చూడాలని మనం ఎట్ల శాసిస్తాం?

పైగా మన హాస్టళ్లలో నవ్వు తక్కువేమీ కాదు. సోషల్ వెల్ఫేర్ హాస్టల్లో ఉన్నవాళ్లకు తెలుసు, నీళ్లచారు మీద, వార్డెన్ మీద, ఒక్క ప్యాంటును నలుగురు మార్చి మార్చి తొడుక్కోవడం మీద ఎన్ని జోకులు పుడతాయో. మెచ్చినవాళ్లు 'మ్యాడ్'లో చూసుకున్నది ఆ దోస్తానానే. హీరోల కులమేదో వాళ్లు అడగలేదు. సినిమా కూడా చెప్పలేదు.

చిక్కంతా ఈ చెప్పకపోవడంలోనే ఉందంటారు రెండో వైపు వాళ్లు. ఇందులో ఎక్కువమంది అమ్మాయిలు, ఇంజనీరింగ్ మధ్యలో ఆపేసినవాళ్లు, ఒకరిద్దరు టీచర్లు. వాళ్ల అభ్యంతరం బూతు మాటల మీద అనుకున్నాం. అది చిన్న సంగతి. అసలు అభ్యంతరం తీరిక మీద. ఈ తరహా సినిమాల్లో కుర్రాళ్లకు ఫీజు ఎవరు కడతారో తెలియదు. బ్యాక్‌లాగ్ ఉంటే అదొక జోకు. క్లాసు ఎగ్గొడితే అది హీరోయిజం. మొదటి తరం విద్యార్థికి ఈ రెండూ జోకులు కావు. ఫీజు రీయింబర్స్‌మెంట్ రావాలంటే హాజరు ఉండాలి, పై సంవత్సరానికి ప్రమోట్ కావాలి, లేకపోతే రెన్యువల్ ఆగుతుంది. అన్నీ సరిగ్గా ఉన్నా ప్రభుత్వం డబ్బు విడుదల చేయకపోతే కాలేజీ సర్టిఫికెట్లు ఆపుతుంది. బకాయిల కోసం తెలంగాణలో ప్రైవేటు కాలేజీలే 2025 నవంబరులో బంద్ పెట్టాయంటే పరిస్థితి అర్థం చేసుకోవచ్చు. కాలేజీలకూ సర్కారుకూ మధ్య తగాదాలో నలిగేది ఈ పిల్లలే. సర్టిఫికెట్ చేతికి రాక ఉద్యోగంలో చేరలేకపోయినవాడికి హాస్టల్ కామెడీ ఎట్ల కనపడుతుంది?

ర్యాగింగ్ సంగతీ ఇంతే. కాలేజీ సినిమాల్లో అది నవ్వుల సరుకు. 2007 అక్టోబరులో వచ్చిన శేఖర్ కమ్ముల 'హ్యాపీ డేస్' దగ్గర్నించి సీనియర్ల ర్యాగింగ్ ఒక తీపి గుర్తుగా స్థిరపడింది. నిజానికి ర్యాగింగ్‌ను నిషేధిస్తూ ఆంధ్రప్రదేశ్‌లో 1997లోనే చట్టం వచ్చింది. 'హ్యాపీ డేస్' వచ్చిన ఏడాదే, 2007లో, ఢిల్లీ ఎయిమ్స్‌లో కులవివక్ష మీద సుఖదేవ్ థోరట్ కమిటీ నివేదిక ఇచ్చింది. ర్యాగింగ్ పేరుతో దళిత, ఆదివాసీ విద్యార్థులను ఎట్లా గుర్తుపట్టి వేరు చేస్తారో, హాస్టల్ గదుల్లో ఎట్లా ఒక పక్కకు నెడతారో అది రాసింది. "నీ ర్యాంకెంత?" అన్న ప్రశ్న సినిమాలో పరిచయం, క్యాంపస్‌లో కులం అడిగే దొంగదారి. ఒకే ప్రశ్న రెండు బెంచీల మీద రెండు రకాలుగా వినపడుతుంది. సతారా బడిలో అంబేద్కర్ కూర్చోవడానికి ఇంటి నుంచి గోనెపట్ట తెచ్చుకున్నాడు. ఇప్పుడు బెంచీ ఇచ్చారు, ర్యాంకు అడుగుతున్నారు.

ఇక ప్రేమ. 'మ్యాడ్'లో దామోదర్ ఒక ఉత్తరం పట్టుకుని ముఖం చూడని అమ్మాయి కోసం వెతకడం పెద్ద కామెడీ. ఈ ఘట్టం దగ్గర ఒక టీచర్ నవ్వలేకపోయానని చెప్పింది. ఆమెకు మిర్యాలగూడ గుర్తొచ్చిందట. దళిత క్రైస్తవుడు పెరుమాళ్ల ప్రణయ్‌ను 2018 సెప్టెంబరు 14న గర్భిణి అయిన భార్య ఎదుటే నరికి చంపారు. చదువుకునే రోజుల్లో మొదలైన ప్రేమ అది. నల్లగొండ కోర్టు 2025 మార్చిలో ఒకరికి ఉరిశిక్ష, ఆరుగురికి జీవితఖైదు వేసింది. ఉత్తరం రాయడం కొందరికి ఆట, కొందరికి ప్రాణం మీది సంగతి. అయితే ప్రతి ప్రేమ సీనులోనూ ప్రణయ్‌ను చూడాలంటే మన పిల్లలు ప్రేమించుకోవడమే మానుకోవాలి. మెచ్చినవాళ్లు దీనికిచ్చిన జవాబు ఇదే, మాకూ అది సబబుగానే తోచింది.

నిర్మాతలు, హీరోలు ఎవరన్నది కూడా చూడాలి. ముగ్గురు హీరోల్లో నార్నె నితిన్ జూనియర్ ఎన్టీఆర్ బావమరిది, సంగీత్ శోభన్ 'వర్షం' తీసిన దర్శకుడు శోభన్ కొడుకు. ఇది వాళ్ల తప్పు కాదు. సంగీత్ శోభన్ నటన నిజంగానే బాగుంది. కానీ తెర వెనక చుట్టరికాల లోకం తెర మీద కులం లేని కాలేజీని సృష్టించడం కాకతాళీయం కాదు. కులం తమకు ఎన్నడూ అడ్డురానివాళ్లకు కులం లేనట్టే ఉంటుంది. అదే దర్శకులు కొంచెం పక్కకు జరిగి చూస్తే వేరే కథ కనపడుతుంది. 'హ్యాపీ డేస్'లో ఎక్కడా కులం ఎత్తని కమ్ముల, 2021లో 'లవ్ స్టోరీ' తీసినప్పుడు నిజామాబాద్ జిల్లా ఆర్మూర్ నుంచి వచ్చిన కుర్రాడి కులాన్ని కథలోకి తెచ్చాడు. 2020 నాటి 'కలర్ ఫోటో'లో సందీప్ రాజ్ ఒంటిరంగు గురించి మాట్లాడాడు, రంగు వెనక ఉన్నదాన్ని ప్రేక్షకుడికే వదిలేశాడు. రెండింట్లోనూ నవ్వు ఉంది, కానీ కథ బరువెక్కగానే నవ్వు ఆగిపోతుంది.

మన దగ్గర లేనిది 'మ్యాడ్'ను ఖండించే వ్యాసం కాదు. 'పరియేరుం పెరుమాళ్' మొదటి భాగంలో ఇంగ్లీషు రాని లా విద్యార్థి క్లాసులో పడే తిప్పలు చూస్తే థియేటర్ నవ్వుతుంది. ఆ నవ్వు వాడి మీద కాదు, వాడితో కలిసి. తర్వాత సినిమా ఆ నవ్వును వదిలి వేరే దారి పట్టింది, పట్టక తప్పలేదు. ఆ నవ్వుతోనే చివరిదాకా నడిచే సినిమా తెలుగులో ఇంకా రాలేదు.

నస్రుల్లాబాద్ చర్చ చివర్లో, సినిమా నచ్చలేదన్న అమ్మాయే తన కాలేజీ ముచ్చట ఒకటి చెప్పింది. స్కాలర్‌షిప్ వచ్చిందని బ్యాంకు మెసేజ్ చూసి హాస్టలంతా బిర్యానీ తెప్పించుకున్నరట. తిన్నంక తెలిసింది, అది వేరే అమ్మాయి అకౌంట్‌కు పడాల్సిన పైసలని. ఆ బిర్యానీ బాకీ నాలుగు నెలలు తీర్చిండ్రట. చెప్తుంటే అందరూ, సినిమా నచ్చినవాళ్లూ నచ్చనివాళ్లూ, పడి పడి నవ్విండ్రు. "గిది రాయి అక్కా, నేను యాక్ట్ చేస్త" అన్నడు, మొదట మాతో వాదించిన పిల్లగాడే.