‘ఇంతేనా?’ అన్న విమర్శ: చలనచిత్ర వినోదస్థలాల్లో అభిమాని నిరాశ – రసవిఘ్న దృష్టితో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

తెరమీద చూసిన కథాప్రపంచంలోకి స్వయంగా అడుగుపెట్టవచ్చునన్న వాగ్దానంతో ప్రపంచవ్యాప్తంగా వినోదస్థలాలు వెలిశాయి. వాటినుంచి అభిమానులు నిరాశతో తిరిగివచ్చిన సందర్భాలూ ఉన్నాయి. ఆ నిరాశను అమాయకత్వంగానో, కేవలం ధర గురించిన ఫిర్యాదుగానో తోసివేయకుండా సహృదయుని తీర్పుగా స్వీకరించి, అభినవగుప్తుడు చెప్పిన రసవిఘ్నాల వెలుగులో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. అమెరికాలోని ‘స్టార్ వార్స్’ విడిదిని, రామోజీ ఫిల్మ్ సిటీలోని మాహిష్మతి సెట్టును, నల్లగొండ–పాలమూరు ప్రాంతపు జాతర, కథాగాన సంప్రదాయాలను ఇందుకు ఆధారంగా తీసుకోవడమైనది.

కీలకపదాలు: అభిమాని, సహృదయుడు, రసవిఘ్నాలు, బాహుబలి, పెద్దగట్టు జాతర, కిన్నెర.

1. ప్రవేశిక

నల్లగొండ నుంచి హైదరాబాదు వెళ్లే బస్సు నార్కట్‌పల్లి దగ్గర 65వ నంబరు జాతీయ రహదారి ఎక్కుతుంది. చిట్యాల, చౌటుప్పల్ దాటిన తరువాత, అసలు నగరం ఇంకా మొదలుకాకముందే, రామోజీ ఫిల్మ్ సిటీకి దారి చూపే బోర్డులు కనిపిస్తాయి. అదే రహదారి మీద వెనుదిరిగి విజయవాడ వైపు వెళితే సూర్యాపేట దాటగానే దురాజ్‌పల్లి గుట్ట వస్తుంది. అక్కడ రెండేళ్లకొకసారి లింగమంతుల స్వామికి పెద్దగట్టు జాతర జరుగుతుంది. ఒకే దారిమీద ఉన్న ఈ రెండు స్థలాలకూ జనం కథ కోసమే వెళతారు. మొదటిదానికి టిక్కెట్టుతో వెళతారు, రెండవదానికి మొక్కుతో వెళతారు. ఈ భేదం చిన్నదిగా కనిపించినా, ప్రస్తుత చర్చ అంతా దానిచుట్టూనే తిరుగుతుంది.

మా ప్రాంతపు కళాశాలల్లో విజ్ఞానయాత్ర అనగానే నాగార్జునసాగర్ తరువాత విద్యార్థుల నోట వచ్చే పేరు ఫిల్మ్ సిటీయే. సినిమా సెట్టు ఏదైనా సరే, దానిని చూసి వచ్చిన వారిలో కొందరి నోట వినిపించే మాట ‘ఇంతేనా?’ అన్నది. అధ్యాపకులుగా మనం ఈ మాటను పట్టించుకోము. ‘అది సెట్టని తెలియదా?’ అని నవ్వి ఊరుకుంటాము. కానీ తెలుసు. అది సెట్టని ముందే తెలిసినవాడు కూడా నిరాశ చెందుతున్నాడంటే, ఆ నిరాశకు కారణం అజ్ఞానం కాదు.

2. రసవిఘ్నాలు – అన్వయానికి అవకాశం

భరతుని నాట్యశాస్త్రానికి రాసిన అభినవభారతిలో అభినవగుప్తుడు రసాస్వాదానికి ఏడు విఘ్నాలు చెప్పాడు. అవి సంభావనావిరహం, స్వగత పరగత దేశకాల విశేషావేశం, నిజసుఖాది వివశీభావం, ప్రతీత్యుపాయవైకల్యం, స్ఫుటత్వాభావం, అప్రధానత, సంశయయోగం. ఈ ఏడింటినీ వరుసగా అన్వయించుకుంటూ పోవడం ఇక్కడ అనవసరం. మనకు పనికివచ్చేవి ముఖ్యంగా నాలుగు.

చూస్తున్నది సంభవమని మనసు ఒప్పుకోకపోవడం సంభావనావిరహం. దీనికి పరిహారంగా అలౌకిక కార్యాలను చెప్పేటప్పుడు రాముడి వంటి ప్రఖ్యాత నాయకులను తీసుకోవాలన్నాడు. ఎరిగిన పేరు వినగానే ప్రేక్షకుని నమ్మకం సిద్ధంగా ఉంటుంది. ఈ సుఖదుఃఖాలు నావి, ఆ నటుడివి, ఫలానా చోట ఫలానా కాలంలోవి అన్న పట్టింపు రెండవ విఘ్నం. తన సొంత సుఖదుఃఖాల్లో మునిగినవాడు పరాయి కథలో లీనం కాలేకపోవడం మూడవది. గీతవాద్యాలు, విచిత్ర మండపాలు ఈ మూడవ విఘ్నాన్ని తొలగించడానికే ఉన్నాయని ఆయన అభిప్రాయం. ఆధునిక వినోదస్థలంలోని వైభవమంతా ఈ పరిహారం కిందికే వస్తుందని గుర్తిస్తే మన పని కొంత సులువవుతుంది. గ్రహించే సాధనాలు లోపించడం నాలుగవది.

అయితే ఒక చిక్కు ఉంది. రససిద్ధాంతం ప్రకారం సామాజికుడు తన వ్యక్తిత్వపు హద్దులు కరిగినప్పుడే రసాన్ని ఆస్వాదిస్తాడు. సాధారణీకరణమంటే అదే. శివగామి దుఃఖం నాది కాదు గనుకనే దానికి నేను కన్నీరు పెట్టగలుగుతున్నాను. కథలో ప్రవేశం కల్పిస్తామనే వినోదస్థలం దీనికి సరిగ్గా వ్యతిరేకమైన మాట చెబుతుంది. ‘ఈ కథ నీది, ఇందులో నువ్వే నాయకుడివి’ అంటుంది. విఘ్నంగా చెప్పబడినదానినే ఇక్కడ ఆకర్షణగా అమ్ముతున్నారన్నమాట.

3. హాల్సియన్ నౌక

ఈ వైరుధ్యం అత్యంత స్పష్టంగా బయటపడిన సందర్భం అమెరికాలోని ఫ్లోరిడాలో డిస్నీ సంస్థ నిర్మించిన ‘స్టార్ వార్స్: గెలాక్టిక్ స్టార్‌క్రూజర్’. 2022 మార్చి 1న తెరిచారు. పేరుకు అది విడిది. కథలో మాత్రం అది ‘హాల్సియన్’ అనే రోదసీనౌక. వందగదుల ఆ భవనంలో బయటి ప్రపంచం కనిపించే కిటికీలు లేవు. కిటికీ ఉండవలసినచోట అంతరిక్షం కనిపించే తెరలుండేవి. ప్రతి యాత్ర రెండు రాత్రులు. అతిథులందరూ ఒకే రోజు ఎక్కి ఒకే రోజు దిగాలి. మధ్యలో నటులు పాత్రధారులై వారితో మాట్లాడుతూ, రహస్యాలు చెబుతూ, పక్షాలు ఎంచుకోమని అడుగుతూ కథ నడిపేవారు. ఇద్దరికి సుమారు 4,800 డాలర్లు, నలుగురి కుటుంబానికి సుమారు 6,000 డాలర్లు అయ్యేది. ఏడాదిన్నర గడిచేసరికి, 2023 సెప్టెంబరు నెలాఖరున, చివరి యాత్రతో అది మూతపడింది.

వెళ్లినవారందరూ నిరాశపడ్డారనడం సత్యదూరం. నటుల ప్రతిభను మెచ్చుకున్నవారు, ఆ రెండు రోజులు జీవితంలో మరువలేమన్నవారు ఎందరో ఉన్నారు. ఆ మెప్పులను పక్కన పెట్టుకునే ఫిర్యాదులను చదవాలి.

అతిథి కథలో ముందుకు సాగడానికి చేతిలోని ఫోనే ప్రధాన సాధనం. దానిలోని యాప్‌కు ‘డేటాప్యాడ్’ అని పేరుపెట్టారు. పాత్రలు అందులోనే సందేశాలు పంపుతాయి, అతిథి ఎంచుకున్న పక్షాన్నిబట్టి ఎప్పుడు ఎక్కడికి రావాలో అదే చెబుతుంది. అది సరిగా పనిచేయనప్పుడు, లేదా అతిథి ఎంపికను సరిగా గుర్తించనప్పుడు, కథ పక్కగదిలో జరుగుతూ ఉంటుంది, అభిమాని భోజనశాలలో కూర్చుని ఉంటాడు. ఇది ప్రతీత్యుపాయవైకల్యమే. నాటకశాలలో వెనుక వరుసవాడికి మాట వినబడకపోతే అతడు అరుస్తాడు, ముందుకు జరుగుతాడు. ఇక్కడ తాను ఏది కోల్పోతున్నాడో కూడా అతనికి తెలియదు. యాత్ర ముగిశాక తోటి ప్రయాణికుడు చెబితే తెలుస్తుంది.

ధర విషయం కూడా లెక్కల శాస్త్రానికి వదిలివేయదగినది కాదు. అంత సొమ్ము చెల్లించినవాడు గడియారం చూసుకుంటూ ఉంటాడు. ఈ గంటకు ఎంత అయింది, పిల్లవాడికి ఆ దృశ్యం దొరికిందా లేదా అన్న లెక్క లోపల నడుస్తూనే ఉంటుంది. నిజసుఖాది వివశీభావానికి ఇంతకంటే మంచి ఉదాహరణ వెతికినా దొరకదు. వైభవం ఏ విఘ్నాన్ని తొలగించాలో, ఆ వైభవానికైన ఖర్చే ఆ విఘ్నాన్ని తిరిగి తెచ్చిపెట్టింది.

ఇక ప్రఖ్యాతి. 1977లో మొదలైన ఆ చిత్రమాలలో చాలామంది అభిమానులు పెరిగింది లూక్ స్కైవాకర్, డార్త్ వేడర్ కథలతో. విడిదిలోని కథను మాత్రం ఇటీవలి చిత్రాల కాలంలో నిలిపారు. ఆ కాలానికి ఆ ఇద్దరూ సజీవులు కారు. రే, కైలో రెన్ వంటి పాత్రలు కనిపించినా, నౌకమీద ఎక్కువసేపు అతిథి వెంట ఉన్నవి కొత్తగా కల్పించిన పాత్రలు. ఇతివృత్తం ప్రఖ్యాతమని పిలిచి ఉత్పాద్యాన్ని వడ్డించారన్నమాట. ఉత్పాద్యం తక్కువదని కాదు. కానీ దానికి నమ్మకం కుదరడానికి వ్యవధి కావాలి, రెండు రాత్రులు చాలవు.

4. మాహిష్మతి: కెమెరాకు తెలిసినది, కంటికి తెలియనిది

మన దగ్గరి ఉదాహరణ తీరు వేరు. 1996లో స్థాపించిన రామోజీ ఫిల్మ్ సిటీలో, కళాదర్శకుడు సాబు సిరిల్ రూపకల్పనలో ‘బాహుబలి’ కోసం కట్టిన మాహిష్మతి సెట్టును సందర్శకులకు చూపుతున్నారు. అది విడిది కాదు, కథలో పాత్ర ఇస్తామని చెప్పదు, దాని ధర ఆ నౌకతో పోల్చదగినదీ కాదు. అయినా అభిమాని వెళ్లేది మాహిష్మతికే. (పురాణాల్లో కార్తవీర్యార్జునుని రాజధాని మాహిష్మతి నర్మదాతీరాన ఉంది. నేటి మహేశ్వర్ అదేనని పలువురి అభిప్రాయం. అక్కడికి వెళ్లే బాహుబలి అభిమాని అరుదు. అభిమానికి కావలసినది చారిత్రక స్థలం కాదనడానికి ఇదొక సాక్ష్యం.)

తెరమీది మాహిష్మతి ఎక్కడుంది? కొంత ఈ సెట్టులో, చాలావరకు గణకయంత్రంలో. 63వ జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో ‘బాహుబలి: ది బిగినింగ్’ ఉత్తమ చిత్రంగా ఎంపికైనప్పుడు ఉత్తమ స్పెషల్ ఎఫెక్ట్స్ పురస్కారం కూడా దానికే దక్కింది. శివుడు ఎక్కిన జలపాతంలో కొంత కేరళలోని అతిరప్పిళ్లిది. సెట్టు కెమెరాకు అవసరమైనంత మేరకే ఉంటుంది. కెమెరా ఎక్కడ నిలబడాలో దర్శకుడు నిర్ణయిస్తాడు, సందర్శకుడు తన ఇష్టమైనచోట నిలబడతాడు. గోడ వెనుకకు తొంగిచూసే స్వేచ్ఛ అతనికి లభించడమే అతని నిరాశకు దారి తీస్తుంది. ఎంత గొప్ప సెట్టుకైనా ఇది తప్పదు. ఇక్కడ లోపించినది నిర్మాణనైపుణ్యం కాదు, ఆ సెట్టును కథగా మార్చిన చూపు.

ఇతర దేశాల వారు ఈ ఇబ్బందిని రెండు దారుల్లో దాటారు. లండన్ దగ్గర 2012లో ప్రారంభమైన హ్యారీ పోటర్ స్టూడియో సందర్శన సెట్టును సెట్టుగానే చూపుతుంది. ఇది ఇలా కట్టాము, ఇది ఇలా రంగు వేశాము అని చెబుతుంది. న్యూజిలాండ్‌లోని మటమటా దగ్గర హాబిటన్‌ను మొదట తాత్కాలిక సామగ్రితో కట్టి, ‘ది హాబిట్’ చిత్రాల సమయంలో శాశ్వత సామగ్రితో పునర్నిర్మించారు. 2012 నుంచి అక్కడి పానశాలలో సందర్శకుడు నిజంగానే కూర్చుని తాగవచ్చు. మొదటిది భ్రమను విప్పి చూపుతుంది, రెండవది భ్రమలో చోటు ఇస్తుంది. ఈ రెంటికీ మధ్య నిలిచిన సెట్టు దగ్గర సందర్శకునికి మిగిలేది ఫొటో. ఇది సెట్టా, రాజ్యమా అని తేలకపోవడాన్ని సంశయయోగమనవచ్చు.

అసలు బాహుబలి కథలో అభిమాని నిజంగా ప్రవేశించిన కాలం ఒకటుంది. మొదటి భాగం 2015 జూలై 10న విడుదలైంది, రెండవది 2017 ఏప్రిల్ 28న. నడుమ దాదాపు రెండేళ్లు ‘కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడు’ అన్న ప్రశ్న బస్సుల్లో, క్యాంటీన్లలో, తరగతి గదుల్లో నలిగింది. ప్రతివాడూ తన జవాబును తానే అల్లుకున్నాడు. పైసా ఖర్చులేని ఆ రెండేళ్లలో అభిమానికి కథలో ఒక పని ఉంది. సెట్టు ముందు నిలబడేనాటికి జవాబు తెలిసిపోయింది, ఆ పని అయిపోయింది.

5. పని ఉన్న స్థలాలు

దురాజ్‌పల్లికి తిరిగి వద్దాము. పెద్దగట్టు జాతరకు కేసారం నుంచి దేవరపెట్టె వస్తుంది. తలమీద గంపలతో, ‘ఓ లింగా’ అంటూ జనం గుట్ట ఎక్కుతారు. అక్కడ విచిత్రమండపాలు లేవు. ఎండ, దుమ్ము, రద్దీ సమృద్ధిగా ఉంటాయి. సొంత సుఖదుఃఖాలు కూడా కరిగిపోవు. పిల్లల ఆరోగ్యం కోసం, గొర్రెల మంద కోసం మొక్కినవారే ఎక్కువ. రససిద్ధాంతం ప్రకారం చూస్తే అన్నీ విఘ్నాలే. అయినా ‘ఇంతేనా?’ అన్న మాటకు అక్కడ తావులేదు. ఎందుకంటే అది రసానుభవం కాదు, భాగస్వామ్యం. గంప మోసేవారు లేనిదే జాతర లేదు. ఆ పాత్ర వారికి ఎవరూ అమ్మలేదు, అది తరాలుగా వచ్చిన హక్కు. చిందు యక్షగానంలో ఎల్లమ్మ వేషం కట్టిన కళాకారుణ్ణి ఊరివారు అమ్మవారిగానే భావించి మొక్కేటప్పుడు కూడా ఇదే జరుగుతుంది. మొక్కేవారు ఉంటేనే ఆ వేషం నిండుతుంది.

పాలమూరు కిన్నెర ఇందుకు మరో కొస. ఉన్నవారిని దోచి లేనివారికి పెట్టిన పండుగ సాయన్న కథను పన్నెండు మెట్ల కిన్నెర మీద పాడే సంప్రదాయం ఉంది. నాగర్‌కర్నూల్ ప్రాంతానికి చెందిన దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ లభించిన తరువాత ఈ వాద్యం పేరు అందరికీ తెలిసింది. ఒక గొంతు, ఒక వాద్యం, అంతే. సాయన్న ఎలా ఉంటాడో చూపరు, వినేవాడే అతనికి రూపం ఇవ్వాలి. కథలోని నేల తాను నడిచిన నేలే గనుక సంభావనావిరహం కలగదు. ఇక్కడ శ్రోత లీనమయ్యేది శుద్ధ రసమార్గంలో, జాతరలో భక్తుడు లీనమయ్యేది భాగస్వామ్య మార్గంలో. వినోదస్థలం ఈ రెండింటి ఫలమూ ఒకేసారి ఇస్తానంటుంది. మొదటిదానికి అవసరమైన దూరాన్ని చెరిపివేస్తుంది, రెండవదానికి అవసరమైన హక్కును ఇవ్వదు. నా దృష్టిలో నిరాశ పుట్టేది ఈ సందులోనే.

ఇది జాతరను పొగిడి సినిమాను తక్కువచేయడానికి చెప్పినది కాదు. జాతరలో ఎవరికి ఏ పాత్ర అన్నది కులాన్నిబట్టి కూడా నిర్ణయమవుతుంది, ఆ హక్కుల వెనుక బాధలున్నాయి. టిక్కెట్టు కొన్నవాడిని ఎవరూ కులం అడగరు. చిందు, డక్కలి కళాకారుల వారసులు మాహిష్మతి ముందు నిలబడి ఫొటో దిగడంలో ఒక స్వేచ్ఛ ఉందని కూడా ఒప్పుకోవాలి.

తెలుగులో అభిమానిపై పరిశోధన సంఘాల చుట్టూ, కటౌట్ల చుట్టూ, ఓట్ల చుట్టూ సాగింది. అతని నిరాశను సేకరించినవారు తక్కువ. క్షేత్రపర్యటనకు వెళ్లే పరిశోధకులు సందర్శకుణ్ణి ‘నచ్చిందా?’ అని అడిగితే మర్యాదకొద్దీ నచ్చిందనే చెబుతాడు. ‘అక్కడ ఏం చేశావు?’ అని అడిగి, తిరుగుప్రయాణంలో బస్సులోని మాటలను రాసుకోగలిగితే చాలు. హయత్‌నగర్ నుంచి నార్కట్‌పల్లి వరకు అందుకు కావలసినంత సమయం దొరుకుతుంది.