విశాఖలో ఒక్కరే, ఒక్క రోజు

విశాఖపట్నం ఒంటరిగా వచ్చినవారు ఒక్క రోజులో తీరుబడిగా చూడగల రేవు నగరం. చూడవలసినవి చాలావరకు సముద్రం అంచునే వరుసగా ఉన్నాయి. దక్షిణాన చేపల రేవు, దాని పక్కనే పాతనగరం, అక్కడినుంచి ఉత్తరానికి ఆర్కే బీచ్, ఆపైన కైలాసగిరి, ఇంకా ముందుకు వెళ్తే తొట్లకొండ, భీమిలి. తోడు లేకపోయినా దారి తప్పే పని లేదు. దక్షిణం నుంచి ఉత్తరానికి పోతున్నంతసేపూ సముద్రం కుడిచేతి వైపే ఉంటుంది.

అయితే అసలు ఓడరేవు లోపలికి మామూలు ప్రయాణికులను రానివ్వరు. నౌకాదళ స్థావరం, నౌకానిర్మాణ కేంద్రం కూడా గోడల వెనకే ఉంటాయి. కాబట్టి ఈ రేవును అంచుల నుంచి చూడాలి: కొండ మీద నుంచి, చేపల జెట్టీ నుంచి, ఇసుక మీద నుంచి. అలా చూడటానికి ఓపిక కావాలి, ఒకచోట నిలబడే వీలుండాలి. ఒంటరి ప్రయాణికులకు ఆ రెండూ ఉంటాయి.

కొండ చాటు రేవు

నగరం చూడబోయే ముందు రేవు ఎలా పుట్టిందో తెలిస్తే ఆ రోజు కనిపించే ప్రతిదానికీ అర్థం దొరుకుతుంది. కోరమాండల్ తీరం చాలాచోట్ల చదునైన ఇసుక తీరం. ఓడలు దూరాన లంగరు వేసేవి. సరుకులు, మనుషులు మసూలా పడవల్లో అలలు దాటి ఒడ్డుకు చేరేవారు. విశాఖలోనూ ఇరవయ్యో శతాబ్దం దాకా జరిగింది ఇదే. 1804 సెప్టెంబరు 15న ఫ్రెంచి యుద్ధనావలు ఇక్కడ లంగరు వేసి ఉన్న బ్రిటిష్ ఓడ సెంచూరియన్ మీద దాడి చేశాయి. ఓడలు తలదాచుకునే చోటు అప్పటికి లేదు.

ఆ చోటును ప్రకృతి సగం సిద్ధం చేసి పెట్టింది. డాల్ఫిన్స్ నోస్ అనే కొండ ముక్కులా సముద్రంలోకి పొడుచుకు వచ్చి, దక్షిణం నుంచి వచ్చే కెరటాలకు అడ్డుగా నిలుస్తుంది. దాని చాటున ఉన్న చిత్తడి నేలల గుండా మేఘాద్రిగెడ్డ సముద్రంలో కలిసేది. ఆ చిత్తడిని తవ్వి, లోతు చేసి, బెంగాల్ నాగపూర్ రైల్వే రేవును కట్టింది. మధ్య పరగణాల మాంగనీసు ఖనిజాన్ని దగ్గరి దారిన సముద్రానికి చేర్చడం దాని ముఖ్య ఉద్దేశం. 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఆవిరి ఓడ మొదటగా లోపలికి వచ్చింది. డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ ప్రారంభోత్సవం చేశారు. తరవాత బైలడిల్లా ఇనుప ఖనిజం కోసం కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం వచ్చింది. ఖనిజం మోసే భారీ ఓడల కోసం 1970లలో బయటి రేవు కట్టారు.

ఇసుక కథ కూడా ఇక్కడే మొదలవుతుంది. ఈ తీరం వెంట ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి జరుగుతూ ఉంటుంది. అది రేవు ముఖద్వారాన్ని పూడ్చేయకుండా కట్టినవారు రెండు పాత ఓడలను ముంచి అడ్డుకట్టగా వాడారు. రేవుకు మేలు జరిగింది గాని, ఉత్తరాన ఉన్న బీచికి అందవలసిన ఇసుక ఆగిపోయింది. అందుకే పోర్టువారు పేరుకున్న ఇసుకను తవ్వి ఆర్కే బీచ్ వైపు పోస్తుంటారు. బీచిలో కాలికింద ఉండే ఇసుకలో కొంత అలా మనుషులు తెచ్చి పోసినదే.

బయలుదేరే ముందు

డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా నడకకు అనువైన కాలం. అక్టోబరు, నవంబరు తుపాన్ల నెలలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ నేరుగా ఈ నగరం మీదనే తీరం దాటింది. వేసవిలో ఉక్కపోత వల్ల ఎండ తక్కువగా ఉన్నా ఒళ్లు అలసిపోతుంది. నీళ్లసీసా, టోపీ తప్పనిసరి.

రైల్లో వచ్చి అదే రాత్రి తిరిగి వెళ్లేవారు స్టేషన్ క్లోక్‌రూములో సామాను పెట్టుకోవచ్చు. పెట్టెకు తాళం, చేతిలో టికెట్టు ఉండాలి. ఊళ్లో తిరగడానికి సిటీ బస్సులు, షేర్ ఆటోలు ఉన్నాయి. బస్టాండును ఊరివారు కాంప్లెక్స్ అంటారు. పాతనగరాన్ని వన్‌టౌన్ అంటారు. ఆటో ఎక్కేవారికి ఈ రెండు మాటలూ, జగదాంబ జంక్షన్ అన్న పేరూ తెలిస్తే చాలావరకు సరిపోతుంది.

తెల్లవారుజాము: చేపల రేవు

విశాఖ తీరం తూర్పు ముఖంగా ఉంటుంది. సూర్యుడు సముద్రంలోంచి లేచి కొండల వెనక వాలుతాడు. అందుకని పొద్దున్న సముద్రానికి, సాయంత్రం కొండకు కేటాయించుకోవడం మంచిది.

వెలుగు రాకముందే చేపల రేవు మేలుకొని ఉంటుంది. రోజుల తరబడి వేటలో ఉన్న మరబోట్లు తిరిగి వచ్చి జెట్టీకి ఆనుకుంటాయి. కలాసీలు చేపలను దించుతుంటే ఒడ్డున వేలంపాట సాగుతుంది. పాడేవారిలో, కొనేవారిలో ఆడవారు ఎక్కువ. కోనాం, చందువ, కానాగంతలు, నెత్తళ్లు, రొయ్యలు, పీతలు రకాల వారీగా కుప్పలు పోసి ఉంటాయి. విశాఖలో కోనాం అనే చేపనే మిగతాచోట్ల వంజరం అంటారు. కొన్న సరుకు ఐసుగడ్డల పొడితో కలిపి తట్టల్లోకి, ఆటోల్లోకి ఎక్కి ఊరి సందుల్లోకి పోతుంది.

ఇక్కడ నేల తడిగా, జారుడుగా ఉంటుంది; పట్టున్న చెప్పులు అవసరం. బరువు మోసేవారి దారికి అడ్డు రాకుండా పక్కన నిలబడాలి. ఫొటో తీయాలంటే ముందు అడగాలి. పనిలో ఉన్న మనుషుల ముఖాలు చూడముచ్చట వస్తువులు కావు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, అంటే 61 రోజులు, చేపలు గుడ్లు పెట్టే కాలమని మరబోట్ల వేట నిషేధం. ఆ రోజుల్లో వచ్చినవారికి బోట్లన్నీ వరుసగా కట్టేసి, వలల మరమ్మతు జరుగుతూ కనిపిస్తుంది.

పాతనగరం, మూడు కొండలు

చేపల రేవు నుంచి వన్‌టౌన్ దగ్గరే. దారిలో ఏ చిన్న హోటల్లోనైనా ఇడ్లీయో పెసరట్టో తిని నడక మొదలుపెట్టవచ్చు. ఇరుకు సందులు, పాత మేడలు, రాణీబొమ్మ అని ఊరివారు పిలిచే విక్టోరియా విగ్రహం, కురుపాం మార్కెట్టు, అన్నీ నడిచి చూడవలసినవే.

బురుజుపేటలో కనకమహాలక్ష్మి ఆలయం ఉంది. అమ్మవారి విగ్రహం మీద కప్పు ఉండదు. ఎండా వానా నేరుగా పడతాయి. భక్తులే స్వయంగా పాలు, పసుపు, కుంకుమలతో పూజ చేసుకుంటారు. మధ్యలో ఎవరూ అక్కరలేదు గనుక ఒక్కరే వచ్చినవారికీ ఇక్కడ కొత్తదనం అనిపించదు. మార్గశిర గురువారాల్లో మాత్రం వరుస చాలా పొడవుంటుంది.

రేవు కాలువను ఆనుకొని మూడు చిన్న కొండలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకదాని మీద వేంకటేశ్వరస్వామి గుడి, ఒకదాని మీద ఇస్హాక్ మదనీ దర్గా, ఒకదాని మీద మేరీమాత చర్చి. చర్చి ఉన్న కొండను రాస్ హిల్ అంటారు. 1864లో దాని మీద ఇల్లు కట్టుకున్న రాస్ పేరది. పూర్వం రేవులోకి వచ్చే ఓడలు దర్గా ముందు జెండాను మూడుసార్లు దించి ఎత్తేవని చెప్పుకుంటారు.

రేవును చూడటానికి ఈ కొండలను మించిన చోటు లేదు. ఎదురుగా డాల్ఫిన్స్ నోస్, కింద కాలువ. ఓడ కెప్టెను ఎంత అనుభవజ్ఞుడైనా ఓడను తనంతట తాను లోపలికి తీసుకురాడు. పోర్టు పైలట్ బయటే ఎదురువెళ్లి ఓడ ఎక్కుతాడు; ఈ కాలువ లోతు, ప్రవాహం, మలుపు అతనికి కంఠస్థం. టగ్గులనే చిన్న బలమైన పడవలు ఓడను పక్కల నుంచి తోస్తూ, లాగుతూ నడిపిస్తాయి. నౌకాదళానికి చెందిన చోట్లను ఫొటో తీయకూడదు.

ఎండవేళ: జలాంతర్గామి కడుపులో

మధ్యాహ్నం భోజనానికి చేపల పులుసు, కోనాం వేపుడు ఉన్న ఏ మెస్సయినా సరే. ఒక్కరే వెళితే బల్ల పంచుకోవలసి వస్తుంది. ఊరి సంగతులు తెలిసేది కూడా అక్కడే.

ఆర్కే బీచిలో ఐఎన్ఎస్ కురుసుర అనే అసలు జలాంతర్గామిని ఇసుక మీదకు చేర్చి 2002లో మ్యూజియంగా మార్చారు. సోవియట్ యూనియన్‌లో తయారైన ఈ నావ 1969 డిసెంబరులో నౌకాదళంలో చేరి, 31 ఏళ్లు పనిచేసి 2001లో విరమించింది. పొడవు 91 మీటర్లకు పైనే, కాని లోపల ఇద్దరు పక్కపక్కన నడిచే చోటు ఉండదు. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి గుండ్రటి ద్వారంలోంచి వంగి దూరాలి. ప్రమాదంలో ఒక గదిలోకి నీరు వస్తే ఆ ద్వారం మూసి మిగతా నావను కాపాడుకుంటారు. టార్పిడోల పక్కనే నావికుల పడకలు ఉంటాయి. నౌకాదళంలో పనిచేసి విరమించినవారే దగ్గరుండి వివరిస్తారు. ఇరుకు చోట్లంటే భయం ఉన్నవారు ముందే ఆలోచించుకోవాలి. సోమవారం సెలవు, మిగతా రోజుల వేళలు ముందుగా కనుక్కుని వెళ్లాలి.

రోడ్డుకు అవతల టీయూ-142 విమానం ఉంది. ఇదే నీళ్లలోని జలాంతర్గాములను ఆకాశం నుంచి వెతికేది. 29 ఏళ్ల సేవ తరవాత 2017లో మ్యూజియం అయింది. దగ్గరలోనే 1971 యుద్ధ స్మారకం. ఆ ఏడాది డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ రేవు ముందే మునిగిపోయింది. దాగిన నావ, దాన్ని వెతికే విమానం, ఆ యుద్ధపు గుర్తు, మూడూ ఇలా కాలినడక దూరంలో ఉన్నాయి.

సాయంత్రం: కైలాసగిరి లేదా తొట్లకొండ

రెండింటిలో ఒకటే ఎంచుకోవడం మేలు. కైలాసగిరికి రోప్‌వే ఉంది. పైనుంచి తీరం పొడవునా విల్లులా వంగి కనిపిస్తుంది. జనం, దీపాలు ఉంటాయి గనుక ఒక్కరే వెళ్లేవారికి ఇది సులువు.

చరిత్ర ఇష్టమైనవారు భీమిలి దారిలో తొట్లకొండకు పోవచ్చు. రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్ల దీనికా పేరు. 1976లో నౌకాదళం సర్వే చేస్తుండగా బయటపడిన ఈ బౌద్ధ ఆరామాన్ని 1988 నుంచి తవ్వారు. స్తూపం, చైత్యాలు, భిక్షువుల గదుల పునాదులతో పాటు శాతవాహనుల నాణేలు, రోమన్ వెండి నాణేలు దొరికాయి. పోర్టు కట్టడానికి ఎన్నో వందల ఏళ్ల ముందే ఈ తీరానికి సముద్ర వర్తకంతో సంబంధం ఉందనడానికి అవి సాక్ష్యం. ఇక్కడ మనుషులు పలచగా ఉంటారు. చీకటి పడకముందే కిందికి దిగాలి.

చీకటి పడ్డాక

రాత్రికి మళ్లీ ఆర్కే బీచే అనువు. మురీ మిక్చరు, మొక్కజొన్న కండె, పిల్లల గాలిపటాలు, 1910లో ఈ ఊళ్లోనే పుట్టిన శ్రీశ్రీ విగ్రహం. కాని నీళ్లలోకి దిగకూడదు. ఇక్కడ కాస్త దూరానికే లోతు పెరుగుతుంది, వెనక్కి లాగే ప్రవాహాలు ఉన్నాయి. ఈత వచ్చినవారు కూడా ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఒక్కరే ఉన్నప్పుడు గట్టు మీద చేయి అందించేవారు ఉండరు. యారాడ వంటి దూరపు బీచిలను పగటికే పరిమితం చేసుకోవాలి. అవసరం పడితే ఫోను చేయవలసిన నంబరు 112.

సముద్రం మీద దూరాన దీపాల వరుస కనిపిస్తుంది. రేవులో చోటు కోసం లంగరు వేసి ఆగిన ఓడలవి. లంగరు మీద ఉన్న ఓడ తెల్లదీపాలు వెలిగిస్తుంది. కదిలే ఓడకు ఎడమవైపు ఎర్రదీపం, కుడివైపు ఆకుపచ్చ దీపం ఉంటాయి. ఒడ్డు నుంచి చూసేవారికి ఎరుపు కనిపిస్తే ఆ ఓడ ఎడమ పక్క ఇటు ఉన్నట్టు, అంటే దక్షిణాన రేవు వైపు కాక ఉత్తరంగా సాగిపోతున్నట్టు. ఆకుపచ్చ కనిపిస్తే దక్షిణంగా, రేవు ఉన్న దిక్కుకు వస్తున్నట్టు. ఎరుపు, ఆకుపచ్చ రెండూ ఒకేసారి కనిపిస్తే ఓడ ముఖం తిన్నగా చూసేవారి వైపే ఉంది.