వంగే రెక్కలు... లొంగని వివాదం

గంటకు మూడు వందల కిలోమీటర్ల వేగంతో దూసుకుపోయే ఫార్ములా వన్ రేసు కారు రెక్క గాలి తాకిడికి వంగుతున్నదా? వంగుతున్నదనడంలో ఇంజనీర్లెవరికీ సందేహం లేదు. ఎంత వంగితే నేరం అవుతుందన్నదే అర్ధ శతాబ్దానికి పైగా తెగని వివాదం.

రేసు కారు రెక్క విమానం రెక్కకు తలక్రిందులు. అది విమానాన్ని పైకి లేపితే, ఇది కారును నేలకు అదిమి పడుతుంది. మలుపులలో చక్రాలు పట్టు తప్పకుండా ఉండేది ప్రధానంగా ఈ బలం వల్లనే. అయితే గాలి కలిగించే బలం వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. 150 కిలోమీటర్ల వేగంలో రెక్కపై పడే భారం 300 కిలోమీటర్లకు చేరేసరికి నాలుగింతలవుతుంది. మలుపులో వరమైన రెక్కే తిన్నని దారిలో గాలికి అడ్డు నిలిచి వేగాన్ని హరిస్తుంది. వేగం హెచ్చినప్పుడు రెక్క తనంతట తానే వెనుకకు వాలి, మలుపు రాగానే మళ్ళీ నిలబడితే రెండు ప్రయోజనాలూ సిద్ధిస్తాయి. ముందు రెక్కది మరొక లాభం. దాని కొసలు క్రిందికి వంగి నేలను సమీపించిన కొద్దీ అదిమే బలం అధికమవుతుంది.

ఇందుకు కార్బన్ ఫైబర్ అనుకూలమైన పదార్థం. పోగులను ఏ దిశలో పేర్చాలో నిర్ణయించి, ఒక వైపు బిగువుగాను, మరొక వైపు లొంగుబాటుగాను ఉండే రెక్కను తయారు చేయవచ్చు.

నిబంధన మాత్రం కఠినమైనది. గాలి ప్రవాహంపై ప్రభావం చూపే భాగాలు కారు దేహానికి గట్టిగా బిగించి, నిశ్చలంగా ఉండాలన్నది దాని సారాంశం. (లారీ వెళితే సిమెంటు వంతెన కూడా కాస్త వంగుతుందన్న సంగతి ఈ నిబంధన రాసినవారికి తెలియనిది కాదు!) అందుకే అంతర్జాతీయ ఆటోమొబైల్ సమాఖ్య ఆగి ఉన్న కారు రెక్కపై నిర్ణీత భారం మోపి, ఎన్ని మిల్లీమీటర్లు వంగిందో కొలుస్తుంది. చిక్కంతా ఇక్కడే ఉంది. పరీక్షలో నిటారుగా నిలిచిన రెక్క పరుగులోనూ అలాగే ఉంటుందన్న హామీ లేదు.

ఈ నిబంధన వెనుక రక్తపు మరకలున్నాయి. 1968లో బెల్జియం రేసులో కార్లపై రెక్కలు కనిపించాయి. అచిరకాలంలోనే సన్నని కడ్డీలపై ఎత్తుగా నిలిపిన రెక్కలు వాడుకలోకి వచ్చాయి. 1969 మే 4న బార్సిలోనాలోని మోంజూయిక్ కొండ దారిలో జరిగిన స్పెయిన్ రేసులో లోటస్ జట్టు కార్లు రెండింటి వెనుక రెక్కలూ ఒకే మిట్ట వద్ద కూలిపోయాయి. మొదట గ్రహామ్ హిల్ కారు పట్టు తప్పింది. కొద్దిసేపటికి, అగ్రస్థానంలో ఉన్న జోఖెన్ రింట్ కారు కూడా అక్కడే అదుపు తప్పి హిల్ కారు శిథిలాన్ని ఢీకొంది. హిల్ బయటపడ్డాడు గాని రింట్ ముఖానికి గాయాలయ్యాయి. రెక్కలను నిషేధించాలని అతడు బహిరంగ లేఖ రాశాడు. రెండు వారాల అనంతరం మొనాకోలో ఎత్తు రెక్కలను నిషేధించారు. తర్వాత అవి పొట్టివిగా, స్థిరమైనవిగా తిరిగి వచ్చాయి.

2010లో హంగరీ రేసులో కారుపై అమర్చిన కెమెరాలు రెడ్‌బుల్ ముందు రెక్క నేల వైపు వంగడాన్ని పట్టి చూపాయి. సమాఖ్య బెల్జియం రేసు నుంచి పరీక్షా భారాన్ని 50 కిలోల నుంచి 100 కిలోలకు పెంచింది. రెడ్‌బుల్ అందులోనూ నెగ్గడమే గాక ఆ ఏటి టైటిల్‌నూ గెలుచుకుంది. మన దేశానికీ ఈ కథలో ఒక దృశ్యం దక్కింది. 2011 అక్టోబరులో గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్‌లో జరిగిన తొలి ఇండియన్ గ్రాండ్ ప్రీ ప్రాక్టీసులో ఫెలిపె మాసా నడిపిన ఫెరారీ ముందు రెక్క పక్షి రెక్కలా తపతప కొట్టుకుంది. మోతాదు మించితే లొంగుబాటు ఎలా బెడిసికొడుతుందో చెప్పడానికి అంతకన్న ఉదాహరణ అక్కరలేదు.

2014లో అబూ ధాబీలో రెడ్‌బుల్ కార్లు రెండూ క్వాలిఫయింగ్ నుంచి బహిష్కరణకు గురై, పిట్ లేన్ నుంచి బయలుదేరాల్సి వచ్చింది. 2021లో అదే జట్టు వెనుక రెక్క వంగుతున్నదని లూయిస్ హామిల్టన్ వ్యాఖ్యానించడంతో జూన్ నుంచి కొత్త పరీక్షలు వచ్చాయి. రెక్కలపై చుక్కలు వేసి, కెమెరాలతో వాటి కదలికను గమనించడం అప్పుడే ఆరంభమైంది. ఫ్రాన్స్ రేసులో మాత్రం రెడ్‌బుల్ డ్రైవర్ వెర్‌స్టాపెనే గెలిచాడు. 2024 సెప్టెంబరులో బాకులో మెక్‌లారెన్ వంతు వచ్చింది. పరీక్షలలో నెగ్గిన వెనుక రెక్కనే, సమాఖ్యతో చర్చల తర్వాత ఆ జట్టు మార్చుకోవలసి వచ్చింది.

2025 జూన్ 1న స్పెయిన్ రేసు నుంచి, 100 కిలోల భారానికి ముందు రెక్క వంగదగిన పరిమితిని 15 మిల్లీమీటర్ల నుంచి 10కి తగ్గించారు. దీనితో మెక్‌లారెన్ జోరు తగ్గుతుందని ప్రత్యర్థులు ఆశించారు. ఆ రేసులో మొదటి రెండు స్థానాలూ మెక్‌లారెన్‌కే దక్కాయి. కొత్త రెక్కల తయారీ వ్యయం మాత్రం అన్ని జట్లపైనా పడింది.

కాగా, 2026 సంవత్సరానికి రూపొందించిన నియమావళి ముందు, వెనుక రెక్కలు రెండింటినీ పరుగులోనే కదిలించుకునే వీలు కల్పించింది. అయితే యంత్రంతో కదిలే భాగం వేరు, గాలికి దానంతటదే వంగే భాగం వేరు.