రెండుసార్లు వేగితేనే కరకర!

ఫ్రెంచ్ ఫ్రైస్ అంటే చాలు, పిల్లలు ఎగిరి గంతేస్తారు. హోటల్లో ప్లేటు ఖాళీ చేసేవరకూ మాట్లాడరు. అవే ఇంట్లో చేసి పెడితే మాత్రం 'అక్కడిలా లేవమ్మా' అంటూ పక్కకు నెట్టేస్తారు. పైన మాడి, లోపల పచ్చిగా ఉంటాయి. లేదంటే పది నిమిషాలకే మెత్తబడి వేలాడిపోతాయి. ఇందులో అమ్మ చేతి తప్పేమీ లేదు. మామూలు వేపుడులా ఒక్కసారే వేయించేయడం వల్ల వచ్చిన తంటా అది. వీటిని రెండుసార్లు వేయించాలి. బెల్జియంలో వీధి బండివాళ్లంతా చేసేది అదే.

పేరులో ఫ్రాన్స్ ఉంటే మధ్యలో బెల్జియం ఎందుకొచ్చిందంటారా? ఆ గొడవ పాతదే. నమూర్ అనే ఊరి దగ్గర మ్యూజ్ నదిలో చిన్న చేపలు పట్టి వేయించుకు తినేవారట. 1680 ప్రాంతంలో ఓ చలికాలం నది గడ్డకట్టి చేపలు దొరక్కపోతే, దుంపల్నే చేపల్లా కోసి వేయించారట. ఇదీ బెల్జియం వాళ్లు చెప్పే కథ. వినడానికి ముచ్చటగానే ఉంది కానీ అతకదు. ఆ ప్రాంతానికి బంగాళాదుంప 1735 ప్రాంతంలో గానీ రాలేదంటాడు బెల్జియం చరిత్రకారుడు పియర్ లెక్లెర్క్. పైగా మూకుడు నిండా కొవ్వు కాచి వేయించుకునే స్తోమత ఆనాటి పేదలకు ఎక్కడిది?

అటు ఫ్రాన్స్‌లో బంగాళాదుంప అంటేనే భయం. తింటే కుష్ఠు వస్తుందని నమ్మేవారు. 1748లో దాని సాగును నిషేధించారు కూడా. పార్మెంటియే అనే ఫార్మసిస్టు యుద్ధఖైదీగా ప్రష్యా జైల్లో ఆ దుంపలు తినే బతికాడు. తిరిగొచ్చాక వాటి తరఫున గట్టిగా ప్రచారం చేశాడు. చివరికి 1772లో పారిస్ వైద్యులు 'తినొచ్చు' అని తేల్చారు. ఆ తర్వాత పారిస్‌లో పాంట్ నఫ్ వంతెన మీద తోపుడుబళ్లవాళ్లు వీటిని వేడివేడిగా అమ్మేవారు. పుట్టిల్లు పారిస్, పెంచింది బెల్జియం అనుకుంటే సరిపోతుంది!

ఆ మాటకొస్తే మనమూ తక్కువ తినలేదు. దక్షిణ అమెరికా ఆండీస్ కొండల్లో పుట్టిన దుంపకు బెంగాల్ పేరు తగిలించి బంగాళాదుంప అంటున్నాం. ఇరాక్ యుద్ధాన్ని ఫ్రాన్స్ వ్యతిరేకించిందని అమెరికా ప్రతినిధుల సభ క్యాంటీన్లలో 2003లో వీటి పేరు 'ఫ్రీడమ్ ఫ్రైస్'గా మార్చారు. 2006కల్లా మళ్లీ పాత పేరే!

సరే, ఇక వంటింట్లోకి వద్దాం. ముందు దుంప సంగతి. కొత్త దుంపల్లో నీరెక్కువ, అవి కూరకే బాగుంటాయి. ఫ్రైస్‌కి పిండిపదార్థం ఎక్కువున్న ముదురు దుంపలు కావాలి. కంపెనీల కోసం సిమ్లాలోని కేంద్ర బంగాళాదుంప పరిశోధన సంస్థ 'కుఫ్రీ చిప్సోనా' లాంటి రకాల్ని 1998లోనే విడుదల చేసింది. రైతుబజార్లో రకం పేరు ఎవరూ చెప్పరు కాబట్టి, గట్టిగా, పొడవుగా, మొలకల్లేకుండా ఉన్నవి ఏరుకోండి. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టొద్దు. చల్లదనానికి పిండిపదార్థం చక్కెరగా మారి, నూనెలో వేయగానే నల్లబడిపోతాయి.

చెక్కు తీసి చిటికెనవేలు మందాన కోసి, అరగంట నీళ్లలో ఉంచండి. పైనున్న పిండి కడుక్కుపోతుంది. తర్వాత బట్టమీద ఆరబెట్టి, తడి లేకుండా తుడవాలి. ఇక్కడ బద్ధకిస్తే నూనె చిటపటలాడి చేతులు కాలతాయి.

మొదటి వాయి మంట తగ్గించి. ముక్క వేస్తే బుడగలు నెమ్మదిగా రావాలి (150-160 డిగ్రీలు). అయిదారు నిమిషాల్లో లోపల ఉడుకుతుంది, రంగు మాత్రం మారకూడదు. తీసి విడివిడిగా పరిచి అరగంట చల్లారనివ్వండి. ఈలోగా లోపలి తేమ పైకి చేరుతుంది. రెండోసారి నూనె బాగా కాగాక (180 డిగ్రీలు దాటాక) వేస్తే ఆ తేమ ఎగిరిపోయి పైన పెంకులా కడుతుంది. రెండు మూడు నిమిషాలు చాలు. ఒకేసారి గుప్పెళ్లకొద్దీ వేస్తే నూనె చల్లబడి, ముక్కలు దాన్ని పీల్చేసుకుంటాయి. బంగారు రంగు రాగానే తీసేయండి. బాగా ఎర్రబడేదాకా వేయిస్తే ఆక్రిలమైడ్ అనే హానికర పదార్థం పెరుగుతుందని 2002లో స్వీడన్ శాస్త్రవేత్తలు గుర్తించారు.

బెల్జియంలో అయితే కాగితం పొట్లంలో పోసి, పైన మయొనైజ్ వేసిస్తారు. మనింట్లో ఉప్పూ, కాస్త కారం చాలు. వేడిమీదే చల్లితే బాగా పడుతుంది. అన్నట్టు, గిన్నెకు మూత పెట్టకండి. ఆవిరి పట్టి మళ్లీ మెత్తబడతాయి!