రేపల్లెకి నేరుగా తూర్పున మునిగిన ఓడలు: సమాధి లేని కళాసీలు

ఈ ఎపిసోడ్‌కి ముందు ఒక చిన్న పని చేయండి. ఫోన్‌లో మ్యాప్ ఓపెన్ చేసి, సెర్చ్‌లో 16, పక్కన కామా పెట్టి 82.33 అని కొట్టండి. పిన్ నీళ్లలో పడింది కదా? ఇప్పుడు రేపల్లె వెతకండి. రేపల్లె ఉన్నది కూడా దాదాపు అదే 16 డిగ్రీల గీత మీద. అంటే రేపల్లె స్టేషన్ దగ్గర నిలబడి నేరుగా తూర్పుకి గీత గీసుకుంటూ పోతే, కృష్ణ దాటి, దివిసీమ దాటి, సముద్రంలోకి వెళ్లాక, మొత్తం మీద ఓ 160 కిలోమీటర్ల దగ్గర ఆ పిన్ తగులుతుంది. మా కొల్లూరు నుంచి చూసినా అంతే దూరం, కాస్త అటూ ఇటూ.

1942 ఏప్రిల్ 6న ఆ చుట్టుపక్కలే రెండు సరుకు ఓడలు మునిగాయి. ఒకదాని పేరు డార్డనస్, రెండోదాని పేరు గందారా.

రెండో ప్రపంచ యుద్ధం అంటే మనకి హిట్లర్, హిరోషిమా గుర్తొస్తాయి. వైజాగ్ సముద్రంలో యుద్ధం అంటే 'ఘాజీ' సినిమా, 1971. కానీ అంతకు 29 ఏళ్ల ముందే, ఒక్క రోజులో, మన తీరం పొడుగునా ఓడలు వరసగా మునిగాయి. చనిపోయింది సైనికులు కాదు, సరుకు ఓడల్లో జీతానికి పనిచేసే మనుషులు. ఈ రోజు వాళ్ల గురించే.

అసలు ఏం జరిగిందో చెప్తాను. 1942 మార్చికి జపాన్ రంగూన్‌ని పట్టుకుంది. రంగూన్ మనవాళ్లకి పరాయి ఊరేం కాదు. అక్కడి రేవులో మూటలు మోసిన కూలీల్లో ఎక్కువమంది తెలుగువాళ్లే, కాకినాడ నుంచీ వైజాగ్ నుంచీ ఓడెక్కి పోయినవాళ్లు. ఆ రంగూనే పోయాక ఇక కలకత్తా మీద పడతారేమో అని భయం పుట్టింది. అందుకని కలకత్తా రేవులో ఉన్న సరుకు ఓడల్ని బయటికి పంపించేశారు. తోడుగా యుద్ధనౌకలు లేవు. ఒడ్డు పట్టుకుని దక్షిణానికి నడవమన్నారు, అంతే.

సరిగ్గా అప్పుడే వైస్ అడ్మిరల్ ఒజావా దళం బర్మా వైపు నుంచి బంగాళాఖాతంలోకి దిగింది. ర్యూజో అనే విమానవాహక నౌక, చోకై, మికుమా, మొగామి లాంటి పెద్ద క్రూయిజర్లు, వాటి వెంట డిస్ట్రాయర్లు. ఏప్రిల్ 5న వేరే జపాన్ దళం కొలంబో మీద బాంబులు వేసింది. మర్నాడు ర్యూజో విమానాలు విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా బాంబులు వేశాయి. మన పెద్దవాళ్లు 'జపానోడు బాంబులేసినప్పుడు' అని చెప్పేది ఇదే. వైజాగ్ సగం ఖాళీ అయింది, ఆంధ్ర విశ్వవిద్యాలయం గుంటూరుకి తరలింది. ఊరి మీద పడిన బాంబుల కథ అందరికీ తెలుసు. సముద్రంలో జరిగింది మాత్రం ఒడ్డున ఉన్నవాళ్లకి పెద్దగా కనపడలేదు. ఆ కొద్ది రోజుల్లో ఒజావా దళం ముంచిన వర్తక నౌకలు 23, సుమారు 1,12,000 టన్నులు.

ఇప్పుడు మన పిన్ దగ్గరికి వద్దాం. డార్డనస్ లివర్‌పూల్ కంపెనీది. విమానాల బాంబులు తగిలి కదల్లేకుండా ఆగిపోయింది. గందారా బ్రిటిష్ ఇండియా కంపెనీ ఓడ, అదే దారిలో వస్తోంది. తోడు లేని సరుకు ఓడ, పైన శత్రువు విమానాలు. ఎవరైనా ఏం చేస్తారు? ఫుల్ స్పీడ్‌లో తప్పుకుంటారు. గందారా అలా చేయలేదు. డార్డనస్‌కి మోకు కట్టి లాగడం మొదలుపెట్టింది. కారు చెడిపోతే ఇంకో కారుకి తాడు కట్టి లాగినట్టు, కానీ వేల టన్నుల బరువు. ఇక స్పీడ్ ఎక్కడుంటుంది? నడక వేగమే. మికుమా, మొగామి వాళ్లు చూశారు. రెండూ మునిగాయి. ఈ ఒక్క సంఘటన మీద మనకింకా ఒక సినిమా రాలేదంటే నాకు ఆశ్చర్యమే.

సరే, ఆ ఓడల్లో ఎవరున్నారు? బ్రిటిష్ ఓడ అంటే తెల్లవాళ్లే ఉంటారనుకుంటాం. కెప్టెన్, ఆఫీసర్లు, ఇంజనీర్లు వరకూ నిజమే. కింద పనిచేసేవాళ్లు వేరు. యుద్ధానికి ముందు బ్రిటిష్ వర్తక నౌకల్లో దాదాపు నలుగురిలో ఒకరు భారతదేశం వాడు. ఇంగ్లీషువాళ్లు 'లాస్కర్' అనేవాళ్లు, మనం కళాసీ అంటాం. బ్రిటిష్ ఇండియా కంపెనీ ఓడలైతే వీళ్ల మీదే నడిచాయి. డెక్ మీద పెద్ద సరంగు, ఆయన కింద టిండాల్, ఆ కింద కళాసీలు. ఇంజన్ రూమ్‌లో నూనె పోసేవాడు తేల్‌వాలా, కొలిమిలో బొగ్గు వేసేవాడు ఆగ్‌వాలా. వంట చేసేవాడు భండారీ. తెల్ల నావికుడితో పోలిస్తే జీతం నాలుగో వంతు, మహా అయితే మూడో వంతు. 1939లో యుద్ధం మొదలవగానే వీళ్లు బ్రిటన్ రేవుల్లో సమ్మెకి దిగారు. ప్రాణం పోయే పనికి ఈ జీతమేంటని. కొందరిని జైల్లో కూడా పెట్టారు.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. ఈ కళాసీల్లో తెలుగువాళ్లు ఎక్కువేం కాదు. కంపెనీలు మనుషుల్ని తీసుకున్నది కలకత్తా, బొంబాయి రేవుల్లో. సిల్హెట్, నోవాఖాలీ, చిట్టగాంగ్, రత్నగిరి, గోవా, ఇవీ వాళ్ల ఊళ్లు. కాబట్టి 'చనిపోయినవాళ్లంతా మన తెలుగోళ్లే' అని థంబ్‌నెయిల్ పెట్టి మిమ్మల్ని మోసం చేయను. కానీ మునిగింది మన సముద్రంలో. నిజాంపట్నం పడవలూ, మచిలీపట్నం పడవలూ రోజూ వేటకి పోయే సముద్రమే అది.

ఓడ మునిగేటప్పుడు అందరికీ ఒకే అవకాశం ఉండదు. డెక్ మీద ఉన్నవాడు లైఫ్‌బోట్ దగ్గరికి పరిగెత్తగలడు. ఆగ్‌వాలా ఉండేది అట్టడుగున. షెల్ తగిలితే ముందు ఆవిరి గొట్టాలు పగులుతాయి, కరెంటు పోతుంది, నిచ్చెన కనపడదు. నీళ్లు వచ్చేది కూడా మొదట అక్కడికే. చావుల్లో ఇంజన్ రూమ్ వాళ్లు ఎక్కువ ఉండటానికి కారణం ఇదే.

ఆ తర్వాత ఇంటికి వెళ్లే కబురు ఉంటుంది చూశారూ, అది ఇంకా కష్టం. 'చనిపోయాడు' అని రాదు. ఓడ మునిగింది, సిబ్బంది లిస్టులో పేరుంది, ఒడ్డుకి చేరినవాళ్లలో లేడు. 'కనపడటం లేదు, మునిగిపోయి ఉంటాడని భావిస్తున్నాం' అని వస్తుంది. శవం లేదు. మన పాత చట్టంలో, అంటే 1872 నాటి సాక్ష్య చట్టంలో, ఏడేళ్లపాటు మనిషి కబురు లేకపోతే చనిపోయినట్టు లెక్క. మన ఇళ్లల్లో పాత ఆచారం పన్నెండేళ్లు ఆగమంటుంది, తర్వాత దర్భలతో బొమ్మ చేసి దానికి కర్మ చేస్తారు. అన్నేళ్లూ ఆ ఇంట్లో ఆవిడ బొట్టు ఉంచుకోవాలా తీసెయ్యాలా? కబురు రాసిన గుమాస్తాకి ఆ సంగతి పట్టదు.

దీనికి ఇంకో ఉదాహరణ చెప్తే బాగా అర్థమవుతుంది. 1940 సెప్టెంబర్ 17 రాత్రి అట్లాంటిక్‌లో సిటీ ఆఫ్ బెనారెస్ అనే ఓడని జర్మన్ సబ్‌మెరైన్ ముంచింది. బాంబుల నుంచి కాపాడటానికి కెనడా పంపుతున్న ఇంగ్లీషు పిల్లలు 90 మంది అందులో ఉన్నారు, 77 మంది చనిపోయారు. ఘోరం, దాని మీద పుస్తకాలొచ్చాయి, రావాలి కూడా. అదే ఓడలో భారతీయ సిబ్బంది సుమారు వంద మంది చనిపోయారు. చలికి అలవాటు లేని మనుషులు, అట్లాంటిక్ చలి, పైగా తుపాను రాత్రి. వాళ్ల గురించి ఎంతమంది విన్నారు?

మరి వీళ్ల పేర్లు ఎక్కడైనా ఉన్నాయా? ఉన్నాయి. బ్రిటిష్ నావికుల కోసం లండన్‌లో టవర్ హిల్ దగ్గర పెద్ద స్మారకం కట్టి, పేర్లన్నీ లోహపు ఫలకాల మీద వేశారు. మన కళాసీలకి దక్కింది పుస్తకం. రెండో ప్రపంచ యుద్ధంలో చనిపోయి, సముద్రం తప్ప వేరే సమాధి లేని భారతీయ నావికుల పేర్లు, దాదాపు 6,500, ఒక పుస్తకంలో రాశారు. ఎక్కువమంది వర్తక నౌకలవాళ్లే. ఒక ప్రతి ముంబై మస్జిద్ బందర్ దగ్గర నావికుల హోమ్‌లో ఉంది. రెండోది చిట్టగాంగ్ యుద్ధ శ్మశానంలో, అంటే ఇప్పటి బంగ్లాదేశ్‌లో. ఇద్దరూ ఒకే ఓడలో కలిసి మునిగారు, తర్వాత దేశం రెండైంది, పుస్తకమూ రెండు చోట్లకి పోయింది.

ఏటా ఏప్రిల్ 5న మనం జాతీయ నౌకా దినోత్సవం చేసుకుంటాం. 1919లో సింధియా కంపెనీ ఓడ 'లాయల్టీ' బొంబాయి నుంచి లండన్ బయల్దేరిన రోజు అది. కాలేజీల్లో ఫ్లెక్సీలు కడతారు. మర్నాడే ఏప్రిల్ 6. మన తీరంలో ఆ రోజు మాత్రం మామూలు రోజే.

మీ ఇంట్లో 'తాత ఓడ మీద పోయాడు, మళ్లీ రాలేదు' అనే మాట ఉంటే, వెతకడం ఫోన్‌లోనే అవుతుంది, డబ్బులు కట్టక్కర్లేదు. కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ సైట్‌లో చనిపోయినవాళ్ల సెర్చ్ ఉంటుంది. స్మారకం పేరు దగ్గర బొంబాయి 1939-1945 అని ఇవ్వండి. పేరుతో మొదలుపెట్టకండి, దొరకదు. మన పేర్లని తెల్ల గుమాస్తా చెవికి వినపడినట్టు రాశాడు. ఇంటిపేరు ఉండదు, కొన్నిచోట్ల ఒక్క ముక్కే ఉంటుంది. ముందు తేదీతో, ఓడ పేరుతో వడకట్టి, మిగిలిన పేర్లు ఒక్కొక్కటీ గట్టిగా పైకి చదవండి. చదివితే చెవికి దొరుకుతుంది. ఇంకోటి, శత్రువు దాడి వల్ల చనిపోయిన వర్తక నావికులే ఇందులో ఉంటారు. ఓడలో జబ్బు చేసి పోయినవాళ్లు ఉండకపోవచ్చు.

పేరు పక్కన హోదా కూడా చూడండి. సరంగ్, సీమన్ అని ఉంటే డెక్ మనిషి. భండారీ అని ఉంటే వంటగదిలో ఉండేవాడు. ఫైర్‌మన్ అనో గ్రీజర్ అనో ఉంటే ఆయన పని అట్టడుగున, బాయిలర్ల పక్కన.