రెండు పెగ్గులంటే ఎంత?

జబ్బు తగ్గటానికి వేసుకునేదీ మందే, జబ్బు తెచ్చుకోవటానికి తాగేదీ మందే. మా ఇంట్లో రెండూ ఉన్నాయి. ఒకటి ఫ్రిజ్ మీద ప్లాస్టిక్ డబ్బాలో, రెండోది బీరువా కింది అరలో దుప్పట్ల వెనక. ఫ్రిజ్ మీదున్నది నేను గుర్తు చేస్తేగానీ వేసుకోరు మావారు. బీరువాలోది ఎవరూ గుర్తు చెయ్యక్కర్లేదు.

మావారు తాగుబోతు కాదు. ఈ మాట పదమూడేళ్ళుగా అందరికీ చెబుతున్నాను, ఒక్క మా అమ్మకి తప్ప. జీతం తెచ్చి చేతిలో పెడతారు. కేకలు వెయ్యరు, చెయ్యి ఎత్తరు. వారానికి నాలుగు రోజులు, రాత్రి పూట, రెండే రెండు పెగ్గులు. పైగా ఆరోగ్యం విషయంలో ఆయనంత శ్రద్ధ నాకు లేదు. పొద్దున్నే అయిదున్నరకి నడక, రాగానే మెంతుల నీళ్ళు, రాత్రి అన్నం బంద్, రెండు పుల్కాలు. మందులోకి మిక్చరు, పకోడీలు మానేసి కీరా ముక్కలు, ఉడకబెట్టిన వేరుశనగలు. కూల్‌డ్రింకు కలపరు, మంచినీళ్ళే. ఆదివారం రెండు చెంచాల లివర్ టానిక్కు. "ఆరోగ్యం చూసుకుంటూ తాగేవాడికి ఏమీ కాదోయ్" అనేది ఆయన సిద్ధాంతం. ఆ సిద్ధాంతానికి కావలసిన కీరా ముక్కలు కోసేది, వేరుశనగలు ఉడకేసేది నేను. ఏమాటకామాటే చెప్పుకోవాలి, నాకూ ఆ సిద్ధాంతం బాగానే ఉండేది. గొడవ లేదు కదా!

మొన్న ఫిబ్రవరిలో ఆఫీసు వాళ్ళు అందరికీ ఆరోగ్య పరీక్షలు చేయించారు. కడుపు స్కానింగులో ఫ్యాటీ లివర్, గ్రేడ్ టూ అని వచ్చింది. రక్తపరీక్షలో ఎస్జీఓటీ, జీజీటీ అనే అంకెలు పక్కన బాణం గుర్తుతో నల్లగా అచ్చయి ఉన్నాయి. "నాకు నొప్పే లేదే" అన్నారు మావారు, ల్యాబు వాళ్ళు ఎవరి కాగితమో తనకిచ్చినట్టు. లివర్‌తో వచ్చిన చిక్కే అదిట. చాలా దూరం పాడయ్యే దాకా చప్పుడు చెయ్యదు.

డాక్టరమ్మ కాగితాలు చూసి, "ఎంత తాగుతారు?" అంది.

"రెండు పెగ్గులండీ. అదీ రోజూ కాదు."

"పెగ్గంటే ఎంత?"

మావారు వేళ్ళతో గాల్లో చూపించారు. ఆవిడ నవ్వి నా వైపు తిరిగింది. "నేను మీ ఇంట్లో గ్లాసు చూడలేదు. మీరు చూశారు కదా. ఓసారి కొలిచి వచ్చి చెప్పండి."

దగ్గు మందు కప్పుతో

ఆ రాత్రి సీసా తియ్యనివ్వలేదు. ఆయన రోజూ తాగే గ్లాసు ఇచ్చి, "మీ పెగ్గు ఎంతో అంత మంచినీళ్ళు పోయండి" అన్నాను. అలవాటయిన చెయ్యి, ఒక్క వంపుతో పోశారు. మా బాబు దగ్గు మందు సీసా మూత తెచ్చి, పది మిల్లీలీటర్ల గీత దాకా నింపుతూ ఖాళీ చేశాను. ఎనిమిదిన్నర మూతలు వచ్చాయి. ఎనభై అయిదు మిల్లీలీటర్లు. చిన్న పెగ్గంటే ముప్పై, పెద్ద పెగ్గంటే అరవై. ఇదే లెక్కో మరి! రెండు కలిపితే నూట డెబ్బై. పది తక్కువగా క్వార్టరు సీసా.

క్వార్టరు! ఆ మాట వినగానే నాకు చేతులు చల్లబడ్డాయి. మా వీధి చివర ఇళ్ళు కట్టేటప్పుడు ఒక తాపీమేస్త్రి రోజూ సాయంత్రం క్వార్టరు తాగి అరుగు మీద పడిపోయేవాడు. అతన్ని చూసి మేమంతా తలుపులు వేసుకునేవాళ్ళం. నేనయితే అతని పెళ్ళాన్ని కూచోబెట్టి నీతులు కూడా చెప్పాను. మా ఇంట్లో అదే క్వార్టరు గాజు గ్లాసులో, కీరా ముక్కల పక్కన కూచుంటే రెండు పెగ్గులయింది.

తర్వాతి లెక్కలు డాక్టరమ్మ కాగితం మీద వేసి చూపించింది. మన దగ్గర అమ్మే విస్కీ, బ్రాందీల్లో నూటికి 42.8 పాళ్ళు ఆల్కహాలు. ముప్పై మిల్లీలీటర్లలో సుమారు పది గ్రాములు ఒంట్లోకి వెళుతుంది. నూట డెబ్బైలో యాభై ఏడు గ్రాములు. బీరంటే బార్లీ నీళ్ళే కదా అనుకునేవాళ్ళకి ఇంకో లెక్క: ఎనిమిది పాళ్ళుండే స్ట్రాంగ్ బీరు పెద్ద సీసా, అంటే 650 మిల్లీలీటర్లు, నాలుగు చిన్న పెగ్గులకి సమానం. నీళ్ళు కలిపినా, ఖరీదైన సీసా కొన్నా లోపలికి వెళ్ళే గ్రాములు మారవు.

మరి ఆ మెంతుల నీళ్ళు, పుల్కాలు, నడక? గ్రాము ఆల్కహాలుకి ఏడు కేలరీలు. యాభై ఏడు గ్రాములకి నాలుగు వందలు. నలభై అయిదు నిమిషాల నడకలో ఖర్చయ్యేది అందులో సగం. అంతకంటే ముఖ్యం, లివర్ మిగతా పనులన్నీ పక్కన పెట్టి ముందు ఆల్కహాలుని వదిలించుకోవాలని చూస్తుందిట. ఈలోగా కొవ్వు అక్కడే పేరుకుంటుంది. అందుకే సన్నగా ఉన్నవాళ్ళకీ ఈ కొవ్వు లివర్ వస్తుంది. కడుపు నిండా తిని తాగితే మత్తు నెమ్మదిగా ఎక్కుతుంది, అది నిజమే. కానీ గ్రాములు అవే. ఇక తాగుతూ టానిక్కు వేసుకోవటమంటే, నీళ్ళు కారుతున్న పంపు కింద బట్ట వేసి తుడుచుకోవటమే అంది ఆవిడ.

గంటకి ఏడు నుంచి పది గ్రాములు మాత్రమే శరీరం వదిలించుకోగలదని తెలిసినప్పుడు నేను అదిరిపడ్డాను. రాత్రి పదకొండింటికి గ్లాసు కింద పెడితే, తెల్లవారి నడకకి వెళ్ళే వేళకి కూడా కొంత రక్తంలోనే ఉండొచ్చు. చట్టం ఒప్పుకునేది నూరు మిల్లీలీటర్ల రక్తంలో ముప్పై మిల్లీగ్రాములు. ఏ పెళ్ళిలోనో అర్ధరాత్రి దాటేదాకా కూచుని, పొద్దున్నే బాబుని స్కూటరు మీద స్కూలుకి దింపిన రోజులు ఎన్నో! స్నానం చేసి ఇస్త్రీ చొక్కా వేసుకున్న మనిషిని అనుమానించాలని ఎవరికి తడుతుంది?

"కొంచెం తాగితే గుండెకి మంచిదంటారు కదండీ" అని మావారు చివరి అస్త్రం తీశారు. పాత అధ్యయనాలు కొన్ని అలాగే చెప్పాయిట. వాటిలో అసలు తాగనివాళ్ళ లెక్కలోకి, జబ్బు చేసి తాగుడు మానేసినవాళ్ళని కూడా కలిపేశారు. దాంతో తాగనివాళ్ళే ఎక్కువ రోగిష్టివాళ్ళుగా కనిపించారు. 1988లోనే ఆల్కహాలుని క్యాన్సర్ తెచ్చేవాటి జాబితాలో చేర్చారు. ఇంత వరకు తాగితే ఫరవాలేదు అని చెప్పే కొలతేదీ లేదని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. నోరు, గొంతు, అన్నవాహిక, లివర్, పెద్దపేగు, ఆడవాళ్ళలో రొమ్ము. ఈ వరస విన్నాక నా డిగ్రీ స్నేహితురాలికి ఫోను చేశాను. హైదరాబాదులో అది, వాళ్ళాయన శనివారాలు వైను తాగుతారు. "నేను ఆయనతో సమానంగానే తాగుతానే" అంటుంది గర్వంగా. తాగితే తాగింది, మగవాళ్ళు తాగొచ్చు మనం తాగకూడదనే వాదన నాది కాదు. అయితే మన ఒంట్లో నీటి పాలు తక్కువ కాబట్టి అదే గ్లాసు మన రక్తంలో ఎక్కువ పాళ్ళకి చేరుతుంది. సమానత్వం అక్కడ చెల్లదు. గర్భిణులకయితే ఒక్క చుక్క కూడా సురక్షితం కాదు.

ఫ్రిజ్ మీది డబ్బా సంగతీ అడిగాను. అదే మనలాంటివాళ్ళకి బాగా పనికొచ్చేది. మర్నాడు తలనొప్పికి పారాసెటమాల్ ఇస్తాం. రోజూ తాగేవాళ్ళకి అది లివర్ మీద ఇంకో బరువు. ఒళ్ళు నొప్పుల బిళ్ళలతో కడుపులో రక్తస్రావం కావచ్చు. నిద్రమాత్రలు, జలుబు మాత్రలు కలిస్తే మత్తు రెట్టింపవుతుంది. ఇన్సులిన్, కొన్ని రకాల షుగరు బిళ్ళలు వాడేవాళ్ళు తాగి సరిగ్గా తినకపోతే చక్కెర ఒక్కసారిగా పడిపోవచ్చు. మాట తడబడుతుంది, చెమటలు పడతాయి, తూలతారు. మనం ఎక్కువయిందిలే, పడుకోనిద్దాం అని దీపం ఆర్పేస్తాం. లేపినా లేవకపోతే వెల్లకిలా వదలకుండా పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

పోపుల డబ్బా వెనక పొట్లం

ఇంకో సంగతి ఒప్పుకోవాలి. కిందటేడు పేపరులో పెట్టి ఒక కరపత్రం వచ్చింది. భర్తకి తెలియకుండా తాగుడు మాన్పించే పొడి, రంగూ రుచీ ఉండవు, సాంబారులో కలపండి అని. తెప్పించాను. ఎనిమిది నెలలు పోపుల డబ్బా వెనక దాచాను. రెండుసార్లు విప్పి మళ్ళీ చుట్టేశాను. మావారు బయటికి వెళ్ళినప్పుడు దాన్ని డాక్టరమ్మ ముందు పెట్టాను. పొట్లం మీద ఏమేం కలిపారో ఒక్క ముక్క లేదు. ఇలాంటి పొడుల్లో డైసల్ఫిరామ్ ఉండొచ్చు అంది. అది నిజంగా ఉన్న మందే, కానీ మనిషికి చెప్పి, ఒప్పించి, పరీక్షలు చేసి ఇచ్చేది. తెలియకుండా తిని, పైన మందు తాగితే మొహం కందిపోయి, వాంతులై, గుండె దడదడలాడి, బీపీ పడిపోతుంది. గుండె జబ్బున్నవాళ్ళ ప్రాణం మీదికి రావచ్చు. సాంబారు గరిటె తిప్పేది నేను. ఆ రెండుసార్లూ ఎందుకు మళ్ళీ చుట్టేశానో ఇప్పటికీ తెలియదు.

మా అమ్మకి ఇవన్నీ ఫోనులో చెప్పాను. మాది నెల్లూరు జిల్లా. 1992లో దూబగుంట రోశమ్మగారూ, అక్కడి ఆడవాళ్ళూ అక్షరాస్యత తరగతుల్లో సీతమ్మ కథ పాఠం చదువుకుని సారా మీద తిరగబడ్డారు కదా, ఆ గాలి మా ఊరికీ వచ్చింది. నాకప్పుడు అయిదేళ్ళు. అమ్మ చీర కుచ్చిళ్ళు పట్టుకుని నడిచింది గుర్తు, సారా వాసన గుర్తు. 1993లో సారా ఆగింది, 1995లో మొత్తం మద్యమే ఆగింది, 1997లో మళ్ళీ వచ్చింది. అమ్మ అంతా విని ఒకటే అడిగింది. "మేం ప్యాకెట్లు చించి రోడ్డు మీద పారబోసినాం. నువ్వు దోసకాయలు కోసి పెడతా ఉండావా?"

కీరా దోసకాయేనమ్మా అని నవ్వబోయాను. నవ్వు రాలేదు.

ఆరు వారాలు పూర్తిగా మానెయ్యమంది డాక్టరమ్మ. మావారు, "కార్తీకంలో మాల వేసుకుంటా కదా, అప్పుడు ఎలాగూ మానతాను" అన్నారు. మీ ఇళ్ళల్లోనూ వినే ఉంటారు. నలభై ఒక్క రోజులు నల్లబట్టలు కట్టుకుని వాసన కూడా చూడని మనిషి, శబరిమల నుంచి దిగగానే సీసా వెతుక్కుంటారు. కానీ ఆ లెక్కలోనే ఆశ ఉందిట. తాగుడు వల్ల వచ్చిన కొవ్వు, మచ్చలు పడే దశకి చేరకముందే పూర్తిగా మానితే, ఆరు వారాలలోపే చాలామందికి తగ్గుముఖం పడుతుంది. దీక్ష వైద్యానికి దాదాపు సరిపోయే కాలమే!

ఒక్కటి మాత్రం మరిచిపోకండి. పొద్దున లేస్తే చుక్క పడనిదే చెయ్యి కదలని వాళ్ళు ఉన్నపళాన మానకూడదు. మా బాబాయి అలాగే మాల వేసుకున్నాడు. సాయంత్రానికి చేతులు వణికాయి, ఒళ్ళంతా చెమట. మూడో రాత్రి గోడ మీద జెర్రులు పాకుతున్నాయని అరిచాడు. స్వామికి ఆగ్రహం వచ్చిందని గురుస్వామి కోసం మనిషిని పంపారు ఇంట్లోవాళ్ళు. తెల్లారి నెల్లూరు ఆసుపత్రికి తీసుకెళితే, ఇది దేవుడి కోపం కాదు, హఠాత్తుగా మానటం వల్ల అని చెప్పి, బీవన్ ఇంజెక్షన్లు, మత్తుమందులు ఇచ్చి వారం రోజులు ఉంచుకున్నారు. మొదటి రెండు రోజుల్లో ఫిట్సు కూడా రావచ్చట. అలాంటివాళ్ళని డాక్టరు దగ్గర ఉంచే మాన్పించాలి. ఎవరిని అడగాలో తెలియకపోతే మత్తు అలవాట్ల కోసం ప్రభుత్వం పెట్టిన 14446కి, మనసు బాగోలేకపోతే టెలీమానస్ 14416కి డబ్బు ఖర్చు లేకుండా ఫోను చెయ్యొచ్చు. తాగేవాళ్ళే కాదు, మనమూ చెయ్యొచ్చు.

మావారిది ఆ స్థితి కాదని పరీక్షించి చెప్పింది డాక్టరమ్మ. నేను కీరా కొనటం మానేశాను. దానికి రెండు రోజులు మా ఇంట్లో మాటల్లేవు. మూడో రోజు ఆయనే క్యాలెండరు మీద సున్నా చుట్టారు. అలా పద్ధెనిమిది సున్నాలు పడ్డాయి. పంతొమ్మిదో రోజు స్నేహితుడి గృహప్రవేశం. తలుపు తియ్యగానే వాసన తెలిసింది. నేనేమీ అనకముందే, "ఒకటే తాగాను. ఆ మూత పట్రా, ఎంతో చూపిస్తా" అన్నారు. గ్లాసులోకి నీళ్ళు వంపారు, ఈసారి నెమ్మదిగా, చెయ్యి ఆపి ఆపి. నాలుగున్నర మూతలు. ఇద్దరం ఆ మూత వైపే చూస్తూ కాసేపు కూచున్నాం. తర్వాత ఆయన లేచి క్యాలెండరులో ఆ తారీఖు కింద 45 అని రాశారు. మర్నాటి నుంచి మళ్ళీ సున్నాలు మొదలు.

రెండో స్కానింగు వచ్చే సోమవారం. పరగడుపున రమ్మన్నారు.