వెన్ను దెబ్బతిన్నవారికి పునరావాస చికిత్స

తాటిచెట్టుపైనుండి జారిపడిన గీతకార్మికుని ఆస్పత్రికి చేర్చువరకు ఊరంతయు పరుగులు తీయును. శస్త్రచికిత్స ముగిసి అతడు ఇంటికి వచ్చిన పిమ్మట ఆ పరుగు ఆగిపోవుచున్నది. కాళ్లు కదలని ఆ మనిషిని వెనుక వసారాలో నులకమంచముపై పరుండబెట్టి, ఇంక దైవమే దిక్కని ఊరకుందురు. అసలు ముప్పు అప్పుడే మొదలగుచున్నదని పంచాయతీ సభ్యులకు విన్నవించుటకే ఇది వ్రాయుచున్నాము.

వెన్నెముక విరిగినచో అతుకుకొనును. కాని దానిలోని వెన్నుపాము తెగినచో, అచ్చటికి దిగువ స్పర్శయు కదలికయు పోవును; మలమూత్రములపై అదుపు తప్పును. పూర్తిగా తెగిన వెన్నుపామును మరల అతికించు వైద్యము నేటికిని లేదు. వినుటకు కఠినమైనను, ఈ మాట దాచి పసరుమందుల వెంట నెలల తరబడి త్రిప్పుట ఆ కుటుంబమును అప్పులలో ముంచుటయే. అయితే ఇట్టివారి ప్రాణములు తీయునవి ఎక్కువగా పడకపుండ్లు, మూత్రపిండముల చెడు. ఈ రెండును చాలవరకు నివారింపదగినవి.

1944లో ఇంగ్లండునందలి స్టోక్ మాండెవిల్ ఆస్పత్రిలో డాక్టర్ లుడ్విగ్ గుట్‌మన్ వెన్ను విరిగిన సైనికులకొరకు ప్రత్యేక వార్డు నెలకొల్పిరి. అంతకుమున్ను ఇట్టివారిలో చాలమంది కొలదికాలములోనే మరణించెడివారు. ఆయన చేయించినదానిలో మాయ ఏమియు లేదు. రేయింబవళ్లు రెండు గంటలకొకసారి రోగిని ప్రక్కకు త్రిప్పుట, మూత్రము విషయమున శుచి, పిమ్మట చేతిపని, ఆటలు. 1948లో అచ్చట చక్రాల కుర్చీలలో కూర్చుండి ఆడిన విలువిద్యా పోటీయే నేటి పారాలింపిక్ క్రీడలకు మూలము.

మనకు చేరువలోనే వెల్లూరు కలదు. డాక్టర్ మేరీ వర్గీస్ 1954లో వాహన ప్రమాదమున కాళ్లు చచ్చుబడినను, చక్రాల కుర్చీలో కూర్చుండియే కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేసిరి. 1966లో అచ్చట వెలసిన పునరావాస సంస్థ ఆమె కృషి ఫలమే. ఇట్టి కేంద్రములలో మంచమునుండి కుర్చీకి చేతుల బలముతో మారుట, స్నానము, వస్త్రధారణ, కూర్చుండి చేయగల వృత్తి నేర్పుదురు. ఇంటిలోనివారొకరు వెంట నుండి నేర్చుకొనుట అవసరము. రోగిని మాత్రము పంపి ఊరకున్నచో సగము ఫలమే దక్కును.

ఇంట చేయవలసినది ఓపికతో కూడిన పని. క్రుంగు నులకమంచమునకు బదులు చదునైన పడక, దళసరి పరుపు కావలెను. కుర్చీలో నున్నప్పుడు ఇంచుమించు అరగంటకొకసారి చేతులూని పిరుదులను పైకెత్తవలెను. పిరుదులు, మడమలు, తుంటి ప్రతిదినము చూడవలెను; ఎఱ్ఱదనము తగ్గకున్నచో, అది మాయమగువరకు ఆ చోట బరువు మోపరాదు. కొందరు ప్రేమకొలది కాళ్లకు వేడి ఇటుకతో కాపడము పెట్టుదురు. స్పర్శ లేనివాడు చర్మము కాలినను కేక వేయడు. ఆ పుండు మానుటకు నెలలు పట్టును. చాలమందికి వైద్యులు నేర్పిన రీతిని నాలుగు నుండి ఆరు గంటలకొకసారి శుభ్రమైన గొట్టముతో మూత్రము తీయవలసియుండును. పరులకు శ్రమ యని నీళ్లు త్రాగుట మానువారు కలరు. అది ప్రమాదకరము.

ఇక పంచాయతీ మాట. పడినవానిని కాళ్లు చేతులు పట్టి ఎత్తరాదు, కూర్చుండబెట్టరాదు. 108 కు కబురుచేసి, అది వచ్చువరకు తలను కదలకుండ పట్టుకొనవలెను. కదల్చక తప్పనిచో నలుగురైదుగురు కలసి తలయు మొండెమును ఒకే వరుసలో నుండునట్లు బల్లపైకి చేర్చవలెను. ఊరిలోని గీతకార్మికులందరికిని ఇది ముందే చూపించుట మేలు. ఇంటికి వచ్చినవానికి వైకల్య ధ్రువపత్రము, యు.డి.ఐ.డి. కార్డు ఇప్పించుటలో సభ్యులు తోడ్పడవలెను. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టములో ప్రభుత్వ భవనములు వారికి అందుబాటులో నుండవలెనను నిబంధన కలదు. మన పంచాయతీ కార్యాలయము మెట్లు ఎక్కలేనివాడు గ్రామసభకు వచ్చుటెట్లు? అడుగు ఎత్తునకు 12 అడుగుల పొడవు చొప్పున వాలుదారి వేయవలెను. మెట్లు 2 అడుగుల ఎత్తున్నచో 24 అడుగులు. చోటు చాలనిచో నడుమ చదునుగా మలుపు పెట్టి త్రిప్పవచ్చును. తలుపు వెడల్పు 3 అడుగులకు తగ్గరాదు.